మూత్రపిండ వ్యాధుల రూపములు — బయాప్సీ పరీక్ష తెలుపు సంగతులు

పైరు ఆకు పసుపుబారిన వెంటనే అనుభవముగల రైతు ఎరువు బస్తా విప్పడు. ముందుగా పసుపు ఎక్కడ మొదలైనదో చూచును. ముదురాకులు ముందు పాలిపోయిన నత్రజని లోపమనియు, లేతాకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగా మిగిలిన ఇనుము లోపమనియు, మొక్క యంతయు వడలిన వేరు పెరికి చూడవలెననియు అతనికి తెలియును. పైకి కనబడు రంగు ఒక్కటియే. లోపల చెడిన చోటు వేరు. చేయవలసిన పని వేరు.

మూత్రపిండముల వ్యాధులును ఇట్టివే. నీరసము, ఆకలి లేమి, ముఖము ఉబ్బుట, కాళ్లవాపు — పైకి కనబడు గుర్తులు ఈ కొలదిపాటివే. లోపల చెడిన భాగములు మాత్రము అనేకములు. ఏ భాగము చెడినదో కంటితో చూచి తెలిసికొనుటకు గల పరీక్షయే బయాప్సీ.

మూడేండ్ల క్రిందట మా కళాశాలలో జరిగిన రైతు శిక్షణ తరగతికి శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమునుండి ఒక కొబ్బరి రైతు వచ్చెను. మట్టి నమూనా తీయు విధానమును నేను చూపుచుండగా ఆయన లేచి ఇట్లడిగెను: "మాస్టారూ, చెట్టుకు జబ్బు చేస్తే వేరు తీసి చూస్తారు, మట్టి తీసి పంపమంటారు. మా అన్నయ్యకు కిడ్నీ ముక్క తీసి చూడాలంటున్నారు. ఉన్న కిడ్నీకి సూది గుచ్చితే అది కూడా పోతుందని ఇంట్లో అందరూ భయపడుతున్నారు. తీయించమంటారా?"

నేను సస్యశాస్త్రము బోధించువాడనే గాని వైద్యుడను కాను. ఆ దినమున తగిన సమాధానము చెప్పలేకపోతిని. అటుపిమ్మట వైద్య మిత్రుల వలన తెలిసికొన్న సంగతులను, స్వయముగా చదివిన సంగతులను రైతు సోదరులకు ఉపయోగపడునట్లు ఈ పాఠమున వ్రాయుచున్నాను. ఆ అన్నదమ్ముల సంగతి చివర చెప్పెదను.

మూత్రపిండము పనిచేయు విధము

వెన్నెముకకు ఇరుప్రక్కల, చివరి ప్రక్కటెముకల చాటున మూత్రపిండములు రెండు కలవు. ఒక్కొక్కటి పిడికిలి యంత యుండి చిక్కుడు గింజ ఆకారమున నుండును. గుండె పంపు రక్తములో సుమారు ఐదవ వంతు వీనికే పోవును.

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల వడపోత యంత్రములు కలవు. వీనికి నెఫ్రానులని పేరు. ప్రతి నెఫ్రానునందును రెండు ముఖ్య భాగములు ఉన్నవి. మొదటిది సన్నని రక్తనాళములు చుట్టలుచుట్టుకొని ఏర్పడిన కుచ్చు. ఇది జల్లెడవలె పనిచేయును. రక్తకణములను, మాంసకృత్తులను నిలిపి, నీటిని, లవణములను, మలిన పదార్థములను క్రిందికి వదలును. రెండవది ఆ వడిసిన నీరు ప్రవహించు సన్నని గొట్టము. దీనిని నాళిక అందుము.

రెండు మూత్రపిండములలోని కుచ్చులును కలసి దినమునకు సుమారు 180 లీటర్ల నీటిని వడకట్టును. అదంతయు బయటికి పోయిన మనిషి ఒక్క పూటయైనను బ్రతుకజాలడు. నాళికలు ఆ నీటిలో శరీరమునకు కావలసినదంతయు తిరిగి పీల్చుకొని, ఒకటి రెండు లీటర్లను మాత్రమే మూత్రముగా వదలును. కావున మూత్రపిండమున కష్టమైన పని చేయునది నాళికయే. విషములు, మందులు కూడ ఎక్కువగా ఇక్కడనే చిక్కబడును. ఎండలో నీరు లేక శరీరము ఎండినపుడు దెబ్బ తగులునదియు ముఖ్యముగా ఈ నాళికకే.

నాళికకు నాళికకు నడుమ పలుచని కణజాలము కలదు. పంట బోదెల నడుమ గట్టు ఉన్నట్లు ఇది యుండును. బోదె చెడిన గట్టు చెడును. గట్టు కూలిన బోదె పూడును. నాళికలు చాలకాలము దెబ్బతిన్నచో ఈ నడిమి భాగము గట్టిపడి నారగా మారును. చౌడు తేలిన నేలవలె అది మరల పనికిరాదు.

ఈ కుచ్చు, నాళిక, నడిమి కణజాలము, వీనికి రక్తము తెచ్చు నాళములు — ఈ నాలుగింటిలో ఏది ముందు చెడినదో తెలిసికొనుటయే బయాప్సీ ముఖ్యోద్దేశము.

బయాప్సీ చేయు పద్ధతి

పూర్వకాలమున మూత్రపిండము లోపలి చెడుగును, మనిషి మరణించిన పిదపనో, పొట్ట కోసినపుడో మాత్రమే చూడగలిగెడివారు. 1951లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఇవర్సన్, బ్రన్ అను వైద్యులు సన్నని సూదితో వెలుపలనుండియే ముక్కను తీయు పద్ధతిని ప్రకటించిరి. 1954లో అమెరికాలోని చికాగో నగరమున కార్క్, మ్యూర్కీ అనువారు రోగిని బోర్ల పరుండబెట్టి తీయు పద్ధతితో దానిని మెరుగుపరచిరి. నేడు అల్ట్రాసౌండ్ యంత్రము తెరపై మూత్రపిండమును చూచుచు, స్ప్రింగు అమర్చిన సూదితో క్షణకాలములో ముక్కను తీయుచున్నారు.

ముందుగా రక్తము గడ్డకట్టు శక్తిని పరీక్షించెదరు. రక్తపు పోటు ఎక్కువగా ఉన్న దానిని తగ్గించెదరు. రక్తమును పలుచజేయు మందులు వాడుచున్నచో వైద్యుని సలహాపై కొన్ని దినములు ఆపవలసి యుండును. నడుము వద్ద చర్మమునకు మత్తు సూది వేసిన పిదప ముక్కను తీయుదురు. పిమ్మట కొన్ని గంటలు కదలక పరుండవలెను. సాధారణముగ ఒక దినము ఆసుపత్రిలో ఉంచుదురు. తరువాత ఒకటి రెండు వారములు బరువులు ఎత్తరాదు. దుక్కి, చెట్టెక్కుట, బస్తాలు మోయుట పనికిరావు.

ఇక ఉన్న మూత్రపిండము పోవునను భయమును గూర్చి ఆలోచింతము. తీయు ముక్క పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లు, మందము సుమారు ఒక మిల్లీమీటరు. చీపురు పుల్ల తునకంత యుండును. అందు పది ఇరువది కుచ్చులు వచ్చును. 10 లక్షలలో ఇరువది పోయిన మూత్రపిండము పని తగ్గదు. అయినను అపాయము బొత్తిగా లేదనుట సరికాదు. నూటికి ముగ్గురు నలుగురికి మూత్రము ఎర్రబారి ఒకటి రెండు దినములలో తగ్గును. నూటికి ఒకరిద్దరికి రక్తము ఎక్కింపవలసి వచ్చును. అంతకు మించిన ప్రమాదము మిక్కిలి అరుదు.

మట్టి పరీక్షకు ఎకరములో ఎనిమిది పది చోట్ల మట్టి తీసి కలుపవలెనని మేము చెప్పుచుందుము. ఒక్కచోటి మట్టి పొలమంతటి సంగతి చెప్పదు. బయాప్సీయు అట్టిదే. ముక్కలో కనీసము పది కుచ్చులైనను ఉండవలెనని వైద్యులు కోరుదురు. రెండు మూడు కుచ్చులే వచ్చినచో, అక్కడక్కడ మాత్రమే చెడిన వ్యాధి కంటబడక పోవచ్చును.

తీసిన ముక్కను మూడు విధములుగా చూచెదరు. రంగులు అద్ది సూక్ష్మదర్శినితో చూచుట మొదటిది. ఒక రంగుతో నారగా మారిన భాగము నీలముగా కనబడును. వెలుగునిచ్చు రసాయనములద్ది, శరీరపు రక్షక పదార్థములు కుచ్చులందు పేరుకొన్నవేమో చూచుట రెండవది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో వేలరెట్లు పెంచి చూచుట మూడవది. ఈ మూడవ సాధనము అన్ని ఆసుపత్రులలోను ఉండదు.

మూత్రపిండము ఎండి చిన్నదైపోయిన పిదప ఈ పరీక్ష వలన లాభము లేదు. ఎండిన మోడును కోసి చూచిన, మొదట తగిలిన తెగులేదో చెప్పుట దుర్లభము. పైగా అట్టి మూత్రపిండమునుండి రక్తము ఎక్కువగా కారును. కావున తీయదలచిన ముక్కను సకాలమున తీయవలెను. చాలకాలమునుండి మధుమేహము కలిగి, గుర్తులన్నియు దానికి సరిపోవుచున్నవారికి సాధారణముగ బయాప్సీ అవసరపడదు.

కుచ్చులు చెడిన రూపములు

జల్లెడ చినిగిన గింజ క్రింద పడును. అట్లే కుచ్చు చెడిన మాంసకృత్తులు, రక్తకణములు మూత్రములోనికి దిగును. మూత్రము నురగగట్టును, లేక టీ రంగుగా ఉండును. ముఖము, కాళ్లు ఉబ్బును. పైకి గుర్తులు కనబడుటచే రోగి త్వరగా వైద్యుని వద్దకు పోవును.

బిడ్డలయందు హఠాత్తుగా ఒడలంతయు ఉబ్బు వ్యాధిలో సాధారణ సూక్ష్మదర్శినికి కుచ్చులు బాగుగనే కనబడును. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మాత్రము జల్లెడ కణముల పాదములు చెదరినట్లు తెలియును. ఇది మందులకు చక్కగా లొంగును. గొంతునొప్పి లేక గజ్జి పుండ్ల తరువాత రెండు మూడు వారములకు బిడ్డలకు వచ్చు వాపులో కుచ్చులు కణములతో క్రిక్కిరిసి యుండును. ఇదియు చాలమందిలో నయమగును. పొలము వెంట తిరుగు పిల్లల పుండ్లను అశ్రద్ధ చేయరాదనుటకు ఇదియొక కారణము.

పెద్దలలో ప్రపంచమంతట ఎక్కువగా కనబడు కుచ్చుల వ్యాధిని 1968లో పారిస్ నగరమున బెర్జే అను వైద్యుడు బయాప్సీ ముక్కలలోనే గుర్తించెను. శరీరపు రక్షక పదార్థములలో నొకటి కుచ్చుల నడుమ పేరుకొనుట దీని లక్షణము. వెలుగునిచ్చు రసాయనము లేనిదే అది కంటబడదు. అందుచే అంతకుముందు ఈ వ్యాధి ఉన్నట్లే తెలియకుండెను.

మరియొక రూపమున కుచ్చుల గోడలు మందమగును. దీనికి కారణములు పెక్కు. అందొకటి మనవారు తప్పక తెలిసికొనవలెను. పాదరసము కలిసిన నాటు మందులు, చర్మము తెల్లబడుటకు పూయు కొన్ని క్రీములు వాడినవారిలో ఈ రూపము కనబడినట్లు 2022, 2023 సంవత్సరములలో దక్షిణ భారతమునుండి పరిశీలనలు ప్రకటింపబడినవి. మందు మానిన పిదప వీరిలో చాలమందికి గుణము కనబడినది. ముక్క తీసి చూడక పోయినచో, మానవలసిన మందు ఏదో తెలియకయే పోయెడిది.

నాళికలు చెడిన రూపములు

వ్యవసాయదారుడు మిక్కిలి జాగ్రత్తతో తెలిసికొనవలసిన భాగమిది. ఇందు హఠాత్తుగా వచ్చునది, మెల్లగా వచ్చునది అని రెండు విధములు కలవు.

హఠాత్తుగా వచ్చు దానికి రక్తపింజర కాటు మంచి ఉదాహరణము. దాని విషమువలన నాళికల లోపలి కణములు చచ్చి రాలిపోవును, మూత్రము ఆగిపోవును. అయితే నాళిక అడుగుపొర మిగిలియున్నచో, మోడునుండి చిగురు వచ్చినట్లు కొన్ని వారములలో క్రొత్త కణములు పుట్టును. అందాక డయాలిసిస్‌తో ప్రాణము నిలుపవచ్చును. కొందరిలో మూత్రపిండపు పై పొర యంతయు కుచ్చులతో సహా చచ్చిపోవును. అది చాలవరకు తిరిగి రాదు. విరుగుడు సూది ఆలస్యమైన కొలది అపాయము హెచ్చును. కట్లు కట్టి, మంత్రములు వేయించి, ఆకు పసరులు త్రాగించి గంటలు గడుపుట మూత్రపిండమును చేజేతుల పోగొట్టుకొనుటయే.

వరి మడులలోని ఎలుకల మూత్రమువలన వచ్చు లెప్టోస్పైరా జ్వరములోను నాళికలు, నడిమి కణజాలము ఉబ్బి చెడును. త్వరగా గుర్తించిన మందులతో నయమగును. పారక్వాట్ వంటి కలుపు మందు కడుపులోనికి పోయినను నాళికలు చెడును. నడుము నొప్పికి, కీళ్ల నొప్పికి అంగడిలో కొని మ్రింగు డైక్లోఫినాక్, ఇబూప్రోఫెన్ వంటి బిళ్లలు కొందరిలో నడిమి కణజాలమును వాపు చెందించును. ఎండలో పనిచేసి నీరు తక్కువైన శరీరమునకు ఇవి మరింత హాని చేయును.

మెల్లగా వచ్చు రెండవ విధము మోసకారి. జల్లెడ బాగుగనే యుండుటచే మాంసకృత్తులు ఎక్కువగా దిగవు; నురగ ఉండదు; వాపు ఉండదు; నొప్పి యుండదు. మూత్రమును చిక్కబరచు శక్తి తగ్గుటచే రాత్రులందు రెండు మూడు మారులు లేవవలసి వచ్చును. దీనిని ఎవరును వ్యాధియని తలపరు. ముక్కలో చూచిన, నాళికలు కృశించి, వాని నడుమ నార పెరిగి, కొన్ని కుచ్చులు రక్తము చాలక ముడుచుకొనిపోయి యుండును. పేరుకొన్న రక్షక పదార్థములేవియు కనబడవు. మనిషికి అలసట తెలియునప్పటికే సగమునకు మించిన భాగము పోయియుండును.

గోధుమ చేనిలోని కలుపు మొక్క

ముక్కలో కనబడు రూపము ఒక దేశపు రైతుల బాధకు మూలమును ఎట్లు చూపినదో చెప్పెదను. యూరపు ఖండమున డాన్యూబు నది ఉపనదుల వెంట బల్గేరియా, సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, రుమేనియా దేశములలో కొన్ని పల్లెలు కలవు. 1950 ప్రాంతమున అక్కడి రైతు కుటుంబములలో మెల్లగా మూత్రపిండములు ఎండిపోవు వ్యాధి కలదని వైద్యులు ప్రకటించిరి. ఒక పల్లెలో ఉండును, ప్రక్క పల్లెలో ఉండదు. ఒక ఇంట నలుగురికి వచ్చును, ఎదుటి ఇంట ఒక్కరికిని రాదు. బయటినుండి వచ్చిన కోడళ్లకును పదునైదు ఇరువది ఏండ్ల తరువాత వచ్చెడిది. అనేకులకు మూత్రనాళములలో కాన్సరు కూడ పుట్టెడిది. నీరనిరి, లోహములనిరి, బూజనిరి. ఏ మాటయు నిలువలేదు.

సెర్బియాలోని ఇవిచ్ అను వైద్యుడు 1969లో, గోధుమ చేలలో పెరుగు అరిస్టలోకియా అను కలుపు మొక్కను అనుమానించెను. దాని కాయలు గోధుమతో పాటే పండును. కోతలో గింజలు కలిసి, పిండిలో పడి, ఇంటి రొట్టెలోనికి చేరును. కాని ఆ మాటను అప్పుడు చాలమంది పట్టించుకొనలేదు.

ఇరువది ఏండ్ల తరువాత బెల్జియము రాజధాని బ్రస్సెల్స్‌లో పల్లె ముఖమెరుగని స్త్రీలకు ఇట్టి వ్యాధియే వచ్చెను. వారందరును 1990 మొదలు 1992 వరకు ఒళ్లు తగ్గుటకు ఒకే విధమైన చికిత్స పొందినవారు. ఆ మందులో ఒక చైనా మూలికకు బదులు పొరపాటున అరిస్టలోకియా జాతి మూలిక కలిసినది. 1993లో వాన్‌హెర్వెగెం అను వైద్యుడును ఆయన సహచరులును దీనిని ప్రకటించిరి. 1994లో కోసిన్స్ అను పరీక్షకుడు ఆ స్త్రీల మూత్రపిండపు ముక్కలను చూచి, కుచ్చులు మిగిలి, నాళికలు పోయి, నార నిండిన ఈ రూపము డాన్యూబు తీరపు రైతుల ముక్కలలో కనబడు రూపమును పోలియున్నదని వ్రాసెను. ఇవిచ్ మాట అప్పుడు మరల బయటికి వచ్చెను. 2007లో క్రొయేషియా, అమెరికా శాస్త్రజ్ఞులు ఆ రైతుల మూత్రపిండ కణములలో అరిస్టలోకియా విషము వదలిన గుర్తులను చూపిరి. నలువది, ఏబది ఏండ్ల చిక్కు విడిపోయెను.

ఈ జాతి మొక్కలు మన నేలలోను కలవు. పాముకాటుకు మందని కొందరు వాడు ఈశ్వరి తీగ, నల్లరేగడి చేలలో పెరుగు గాడిదగడప — ఈ రెండును అరిస్టలోకియా జాతివే. రెంటను ఆ విషము కలదు. వీని వేరునుగాని ఆకునుగాని కడుపులోనికి తీసికొనరాదు. నూర్పిడి యందు కలుపు గింజలు తినుగింజలతో కలియకుండ చూచుకొనవలెను.

ఉద్దానము సంగతి

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలములు గల ఉద్దానము కొబ్బరికి, జీడిమామిడికి పేరుపొందిన సీమ. ఇక్కడి మూత్రపిండ వ్యాధి 1990 తరువాత అందరి దృష్టికి వచ్చెను. 2019, 2020 సంవత్సరములలో ప్రకటింపబడిన సర్వేలలో పరీక్షించిన పెద్దవారిలో సుమారు ఐదుగురికి ఒకరికి మూత్రపిండముల పని తగ్గినట్లు తేలినది. వీరిలో చాలమందికి మధుమేహము లేదు. మూత్రమున మాంసకృత్తులు ఎక్కువగా లేవు. బయాప్సీ చేసినవారిలో ప్రధానముగా కనబడినది నాళికలు, నడిమి కణజాలము చెడిన రూపమే.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి రైతులలో 2012లోను, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో తోట పనులు చేసిన ఎనిమిదిమంది మగవారిలో 2013లోను ప్రకటింపబడిన బయాప్సీ ఫలితములు ఇట్టి చోటనే చెడుగును చూపినవి. ఎల్ సాల్వడార్ ముక్కలలో కుచ్చులు కూడ రక్తము చాలక ముడుచుకొని యుండెను. మూడు దేశములలోను ఎండలో కష్టపడు కర్షకులే రోగులు.

అయితే రూపము ఒక్కటైనంత మాత్రమున కారణము ఒక్కటి కానక్కరలేదు. ముదురాకు పసుపుబారిన నత్రజని లోపమనుకొందుము. కాని నేలలో నత్రజని లేకపోవచ్చును, నీరు నిలిచి వేరు అందుకొనలేక పోవచ్చును. బ్రస్సెల్స్‌లో రోగులందరును ఒకే మందు మ్రింగినందున ముక్క చూపిన దారి నేరుగా మూలమునకు చేరినది. ఉద్దానమున అట్టి ఒక్క వస్తువు ఇంతవరకు దొరకలేదు. ఎండలో పని, చాలని నీరు, నొప్పి బిళ్లలు, పురుగు మందులు, భూగర్భ జలములోని పదార్థములు, వంశ లక్షణము — వీనినన్నిటిని శాస్త్రజ్ఞులు పరిశీలించుచున్నారు. ఎవరైనను 'ఇదే కారణము, ఇదిగో మందు' అని అమ్మజూపిన నమ్మరాదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రము ప్రారంభింపబడినవి. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీటి పథకము కూడ అప్పుడే ప్రారంభమైనది.

రైతులు చేయవలసిన పనులు

1. ముప్పది ఏండ్లు దాటిన ప్రతి కర్షకుడును, కర్షకురాలును ఏటికొకమారు రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్షలు చేయించుకొనవలెను. మూత్ర పరీక్ష ఒక్కటియే చాలదు. నాళికలు చెడిన వ్యాధి అందు చిక్కక పోవచ్చును.

2. పరీక్షా పత్రములను భూసార పరీక్షా పత్రములవలె వరుసగా దాచవలెను. మూత్రపిండముల పని సుమారు సగము తగ్గువరకు క్రియాటినిన్ హద్దు దాటకపోవచ్చును. కావున నిరుటికన్న నేడు ఎంత పెరిగినదో చూడవలెను. 0.8 ఉన్నది 1.2 అయినచో, హద్దులోనే యున్నదని ఊరకుండక వైద్యునికి చూపవలెను.

3. వేసవిలో బరువు పనులు తెల్లవారుజామున మొదలిడి ఎండ ముదురకముందే ముగింపవలెను. పావుగంట, ఇరువది నిముషములకొక గ్లాసెడు నీరు త్రాగవలెను. దప్పిక అగువరకు ఆగరాదు. కూలివారికి నీరు, నీడ, నడుమ నడుమ విశ్రాంతి ఇచ్చుట యజమాని బాధ్యత. మధ్య అమెరికా చెరకు తోటలలో ఈ మూడింటిని అమర్చిన పిదప పనివారి మూత్రపిండములకు తగులు దెబ్బ తగ్గినట్లు పరిశీలనలు తెలిపినవి. ఇదివరకే వ్యాధి ముదిరినవారు, వాపు ఉన్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలతనే త్రాగవలెను.

4. ఒళ్లునొప్పులకు అంగడి బిళ్లలు అలవాటుగా మ్రింగరాదు. వైద్యుని వద్దకు పోయినపుడు వాడిన బిళ్లలు, నాటు మందులు, పసరులు అన్నియు దాచక చెప్పవలెను. ముక్క చూచు పరీక్షకునికి ఈ సమాచారము అత్యవసరము.

5. పురుగు మందులు చల్లునపుడు చేతికి తొడుగు, ముఖమునకు గుడ్డ, నిండు చేతుల చొక్కా ధరింపవలెను. మందు కలిపిన చేతితో భుజింపరాదు, బీడీ ముట్టరాదు.

6. పాము కరచిన వెంటనే విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి పోవలెను. బ్రతికి బయటపడిన వారు మూడు నెలలకును, మరల ఏడాదికిని క్రియాటినిన్ చూపించుకొనవలెను.

7. మధుమేహము, రక్తపు పోటు ఉన్నవారు వానిని అదుపులో ఉంచుకొనవలెను. ప్రపంచమున అందరికన్న ఎక్కువ మూత్రపిండములను చెరచుచున్నవి ఈ రెండే.

8. వైద్యుడు బయాప్సీ అవసరమనినపుడు మూడు ప్రశ్నలు అడుగవలెను: దీనివలన మందు మారునా? నా విషయమున అపాయమెంత? ఆలస్యము చేసిన ఏమగును? సమాధానములు విని త్వరగా నిర్ణయించుకొనవలెను.

ముగింపు

ఇక ఆ అన్నదమ్ముల సంగతి. నేను తెలిసికొని వారికి ఉత్తరము వ్రాయునప్పటికి రెండు నెలలు గడచెను. ఇంటివారి భయము తీరునప్పటికి మరి ఆరు నెలలు గడచెను. అప్పుడు అన్నను తీసికొనిపోగా, స్కానులో రెండు మూత్రపిండములును చిన్నవైపోయినట్లు కనబడెను. ఇక ముక్క తీయుటవలన ప్రయోజనము లేదని వైద్యులు చెప్పిరి. ఆయన నేడు వారమునకు రెండు మారులు డయాలిసిస్‌కు పోవుచున్నాడు. నా ఉత్తరము ఆ రెండు నెలలు ముందే పోయియుండిన బాగుండెడిదని ఇప్పటికిని అనుకొనుచుందును.

అన్నతో వెళ్లిన తమ్ముడు ఆ దినముననే తానును పరీక్ష చేయించుకొనెను. క్రియాటినిన్ 1.6 ఉండెను. ఆయనకు నీరసము లేదు, వాపు లేదు. మూత్రపిండముల పరిమాణము సరిగా ఉండుటచే బయాప్సీ చేసిరి. కుచ్చులు చాలవరకు బాగున్నవి. నాళికలు కొన్నిచోట్ల కృశించి, నడుమ నార కొంత మొదలైనది. నడుము నొప్పికి ఏండ్ల తరబడి మ్రింగుచున్న బిళ్లలను వైద్యులు మాన్పించిరి. తోట పని వేకువనే ముగించుకొనుట, నీరు వెంట ఉంచుకొనుట, మూడు నెలలకొకమారు పరీక్ష — ఇవియే ఆయనకు చెప్పిన మందు. ఈ రెండేండ్లలో ఆ అంకె పెరుగలేదు. మొన్న జాబు వ్రాయుచు, ఇంటిలో పెద్దవారందరికి పరీక్ష చేయించితిననియు, ఊరిలో మరి పదునొకండుగురు వచ్చిరనియు తెలిపెను.

నారగా మారిన భాగమును ఏ మందును తిరిగి తేజాలదు. మిగిలిన భాగమును కాపాడుట మాత్రము మన చేతిలోని పని. పైరుకు తెగులు తగులకముందే పొలము చుట్టివచ్చు రైతు, తన ఒంటి విషయమునను ఏటికొకమారు ఆ పనియే చేయవలెను.